ఎఫ్రాయీము బిడ్డలకు రుజువు కావాలా?

గుంటూరు నుంచి పొన్నూరు వెళ్లే రోడ్డు మీద చేబ్రోలు తగులుతుంది. దాన్ని ఆనుకునే కొత్తరెడ్డిపాలెం. కృష్ణా పడమటి డెల్టాలోని ఈ ఊళ్లో, మాదిగపల్లెలో, 1990ల మొదట్లో ఒక చిన్న యూదు ప్రార్థనా మందిరం వెలిసింది. అక్కడ నలభై కుటుంబాల దాకా శుక్రవారం పొద్దుగూకే వేళకు దీపాలు వెలిగించి, శనివారం విశ్రాంతి దినంగా పాటిస్తాయి. తాము బెనె ఎఫ్రాయిమ్, అంటే యోసేపు కొడుకు ఎఫ్రాయీము సంతతి అని చెప్పుకుంటాయి. మచిలీపట్నంలోనూ కొందరున్నారు.

వీళ్ల గురించి విజయవాడ గవర్నర్‌పేటలో ఒక సాయంత్రం జరిగిన వాదన ఇది. ఒకరు చరిత్ర పాఠాలు చెప్పి రిటైరైన మాస్టారు. శాసనం చూపించనిదే ఏదీ నమ్మరు. రెండోవారు ఆయన దగ్గర చదువుకున్న ప్లీడరు. తెనాలి దగ్గరి బాప్టిస్టు మాదిగ కుటుంబం. కులధ్రువీకరణ కేసులు చాలా చూశాడు. మధ్యలో వచ్చే వ్యాఖ్యలు మాత్రం నావి.

మాస్టారు: వాళ్లు శనివారం పాటిస్తారు, పస్కా పండగ చేసుకుంటారు, హీబ్రూ ప్రార్థనలు నేర్చుకున్నారు. నాకు పేచీ అక్కడ లేదోయ్. క్రీ.పూ. 722లో అష్షూరు వాళ్లు షోమ్రోనును పట్టుకుని ఇశ్రాయేలీయుల్ని చెరపట్టుకుపోయారు. అది చరిత్ర. ఆ చెరలోని ఎఫ్రాయీము గోత్రం పర్షియా మీదుగా ఉత్తరాదికి, అక్కడి నుంచి తెలుగుదేశానికి వచ్చి మాదిగలైందంటే మాత్రం, రుజువేదీ అని అడక్కుండా ఎలా ఊరుకుంటాను?

ప్లీడరు: రుజువు భారం ఎవరి నెత్తిన పెడుతున్నారు మాస్టారూ? భరద్వాజస, కాశ్యపస అని శుభలేఖ మీద అచ్చేయించుకునేవాళ్లను శాసనం తెమ్మని ఎవరైనా అడిగారా? కాకతీయుల సంగతి మీరే చెప్పారు కదా. చాలా శాసనాల్లో దుర్జయ వంశం, మోటుపల్లి శాసనానికి వచ్చేసరికి సూర్యవంశం.

మాస్టారు: దాన్నీ నేను నమ్మలేదు. ప్రశస్తిని ప్రశస్తి అనే చెప్పాను.

ప్లీడరు: చెప్పారు. అలాగని వాళ్లు కాకతీయులే కాదని అనలేదు. వంశం కథను పక్కన పెట్టి, మనుషుల్ని మాత్రం వాళ్ల పేరుతోనే పిలిచారు. కొత్తరెడ్డిపాలెం దగ్గరికి వచ్చేసరికి ముందు వంశం తేల్చమంటున్నారు, పేరు సంగతి తర్వాత చూద్దామంటున్నారు.

మాస్టారు: తేడా ఉంది. మోటుపల్లి శాసనం వేయించిన కాకతీయ గణపతిదేవుడు తన వంశాన్ని తన కాలంలోనే చెక్కించాడు. ఇక్కడ మాట బయటికొచ్చిందే మొన్న. షమూయేల్ యాకోబి క్రైస్తవ బోధకుడిగా ఉంటూ 1980ల్లో యెరూషలేము వెళ్లొచ్చాడు. ఆ తర్వాతే ఇదంతా. అన్నదమ్ములు, షమూయేలూ సాదోకూ, సమాజాన్ని కూడగట్టారు. తెలుగుకీ హీబ్రూకీ చుట్టరికం కలుపుతూ పెద్దాయన పుస్తకం కూడా రాశాడు. ఆ చుట్టరికాన్ని భాషాశాస్త్రం ఒప్పుకోదు.

ప్లీడరు: భాషల ముచ్చట వదిలేద్దాం, దాన్ని నేనూ మోయను. కానీ మాట బయటికి రావడం, మాట పుట్టడం ఒకటేనా? మా పెద్దవాళ్లు ఇంట్లో గుట్టుగా చెప్పుకునేవారని వాళ్లంటున్నారు.

మాస్టారు: గుట్టు ఎంత గట్టిదైనా పొరుగువాడి కంట పడుతుంది. కొంకణ తీరంలో బెనె ఇజ్రాయెల్ అనే యూదులున్నారు. గానుగ ఆడించి నూనె తీసేవాళ్లు. శనివారం గానుగ ఆపేసేవాళ్లు కాబట్టి చుట్టుపక్కలవాళ్లు శనివార్ తేలీలు అన్నారు. ఆ పేరు పెట్టింది పొరుగువాడు. సాక్ష్యమంటే అదీ. మరి మన గుంటూరు సీమలో శనివారం చెప్పు కుట్టని మాదిగల గురించి ఎవరైనా రాశారా? మెకంజీ దొర ఊరూరా కైఫీయతులు రాయించాడు. 1842లో హయ్యర్ దొర లూథరన్ మిషన్ తెచ్చాడు. ఒంగోలు బాప్టిస్టు క్లౌ దొర భార్య ఎమ్మా మాదిగల కథలనే పోగుచేసి 1899లో పుస్తకం వేసింది. నేను చదివినంతలో అందులో మాదిగల దేవత మాతంగి కనిపించింది, ఎఫ్రాయీము కనిపించలేదు.

ప్లీడరు: కైఫీయతులు రాసిందెవరు? కరణాలు. కరణం మాదిగపల్లెలోకి వచ్చి, ఏ ఇంట్లో ఏ రోజు దీపం పెడుతున్నారో చూసి రాసుకున్నాడా? పొలిమేర, మాన్యం, గుడి, రాజుగారి దానం... కైఫీయతులో రాయడానికి ఆయనకు పనికొచ్చినవి అవీ. పల్లె గురించి రాయకపోవడాన్ని, పల్లెలో ఏమీ లేదనడానికి సాక్ష్యంగా ఏ కోర్టూ తీసుకోదు.

మాస్టారు: ఉందనడానికీ తీసుకోదు.

(ఇక్కడ ప్లీడరు నవ్వేశాడు. నా లెక్కలో ఈ పాయింటు మాస్టారిదే.)

మాస్టారు: ఇంకో మాట. మాదిగలకు పుట్టుక కథ లేకనా? జాంబవ పురాణం ఉంది. చిందువాళ్లు ఆడతారు, డక్కలివాళ్లు చెబుతారు. భూమి పుట్టకముందే పుట్టినవాడు జాంబవంతుడు. దేవతలకే పెద్ద. అంతటి తాతను వదిలేసి, అష్షూరు చెరలో తప్పిపోయిన తాతను వెతుక్కోవడం ఎందుకు?

ప్లీడరు: మా ఇంట్లో జాంబవంతుణ్ణి వదిలి నాలుగు తరాలైంది మాస్టారూ. 1878 జూలై 3న గుండ్లకమ్మలో ఒక్క రోజే 2,222 మందికి బాప్తిస్మమిచ్చారు. ఎక్కువమంది మాదిగలే. అప్పటి నుంచి మా పల్లెల్లో పిల్లలకు జోలపాటలో కూడా యాకోబు, యోసేపులే. మా నాయనమ్మకు అయోధ్య ఎటుందో తెలీదు, బేత్లెహేము తెలుసు. వాళ్లు కొత్తగా ఎక్కడికీ పోలేదు. బైబిల్లో కొత్త నిబంధన దగ్గర నుంచి పాత నిబంధన దగ్గరికి నడిచారు. అంతే దూరం.

మాస్టారు: ఆ మాట బాగుంది. కానీ నా వాదనకే బలం. అంటే బైబిలు చదివి యూదులయ్యారు. పుట్టి కాదు.

ప్లీడరు: ఆచారాలు కూడా ఉన్నాయిగా. శవాన్ని పూడుస్తాం, కాల్చం. పెద్ద మాంసం తింటాం. ఊరు దేన్ని చూసి మమ్మల్ని దూరం పెట్టిందో, దాన్నే వాళ్లు ఇజ్రాయెలు గుర్తు అంటున్నారు.

మాస్టారు: ఇది నొప్పించే మాట, అయినా అంటాను. ఊరు మాదిగవాడికి అంటగట్టిన పని చచ్చిన గొడ్డును లాక్కెళ్లడం. ఆ మాంసమే కూలి. తనంతట చచ్చిన జంతువు మాంసం యూదుడికి ధర్మశాస్త్రం ప్రకారం నిషిద్ధం. ద్వితీయోపదేశకాండంలో ఉంది. ఎఫ్రాయీము బిడ్డలైతే మొదట వదలాల్సింది అదే కదా?

ప్లీడరు: వదల్లేదనుకుంటున్నారా? ఇప్పుడు మాంసం ఉప్పులో ఊరబెట్టి, రక్తం పోయేలా కడిగి వండుకోవాలని నేర్చుకున్నది వాళ్లే. ఊరు బలవంతంగా తినిపించినదాన్ని మా వంశాచారం అని మీరంటే ఎలా? ఆకలికి తిన్నారు. ఎంచుకునే రోజు వచ్చాక ఏం ఎంచుకున్నారో చూడండి.

కాసేపు ఇద్దరూ టీ తాగారు. మాస్టారు దారి మార్చారు. తెలుగు నేల మీద యూదు చరిత్ర కావాలంటే కాగితం మీద ఉన్నదే బోలెడుందని మొదలుపెట్టారు. ఆ కథలు నిజంగానే బాగుంటాయి. అందుకే కుదించకుండా రాస్తున్నాను.

మాస్టారు: పులిచింతల రిజర్వాయరు కింద ఇప్పుడు మునిగి ఉన్న కొల్లూరు తెలుసుగా? గోల్కొండ వజ్రాలన్నప్పుడు లోకం తలుచుకునే గని. దాని వెంట లండన్‌లోని పోర్చుగీసు యూదు వర్తకులు పడ్డారు. మధ్యధరా సముద్రం పగడాలు ఇటు పంపడం, వజ్రాలు అటు తెప్పించుకోవడం. జాక్ ద పైవా అనే ఆయన చెన్నపట్నంలో మకాం పెట్టి, స్వయంగా గోల్కొండ గనుల దాకా వెళ్లి, ఆ ప్రయాణం తర్వాత 1687లో పోయాడు. మరుసటి ఏడే మద్రాసు కార్పొరేషను పుడితే, ఆల్డర్మన్లలో యూదు వర్తకులకూ చోటిచ్చారు. ఇక సర్మద్! పర్షియాలోని కాషాన్‌లో యూదు కుటుంబంలో పుట్టాడు. తోరా చదివాడు, ఇస్లాంలోకి వెళ్లాడు, చివరికి ఏ మతానికీ చిక్కని ఫకీరయ్యాడు. అబ్దుల్లా కుతుబ్‌షా కాలంలో హైదరాబాదులో ఉన్నాడు. మతాలన్నిటి గురించి పారశీకంలో రాసిన దబిస్తాన్ గ్రంథకర్త 1647లో ఆయన్ని అక్కడే కలిసి, యూదుల అధ్యాయానికి సమాచారం తీసుకున్నాడు. శిష్యుడు అభయ్‌చంద్ తోరా మొదటి భాగాన్ని పారశీకంలోకి దించితే, సర్మద్ సరిచూశాడు. ఆలోచించు. ఒక హిందూ కుర్రాడి చేత యూదు గ్రంథం, ముస్లిం రాజ్యంలో! తర్వాత ఔరంగజేబు ఢిల్లీలో సర్మద్ తల తీయించాడు. జామా మసీదు దగ్గర సమాధి ఉంది. ఇదీ చరిత్ర. పేరుంది, ఏడుంది, గ్రంథముంది.

ప్లీడరు: కొల్లూరు గనిలో అరవై వేలమంది పనిచేసేవారని ఫ్రెంచి వజ్రాల వర్తకుడు టావెర్నియే రాశాడని మీరే చెప్పారు, క్లాసులో. ఆడవాళ్లూ పిల్లలతో సహా. ఆ అరవై వేలలో ఒక్కరి పేరు చెప్పండి.

మాస్టారు: లేదు. ఎలా ఉంటుంది?

ప్లీడరు: అదే నేననేది. వజ్రం కొన్న పైవా పేరు మిగిలింది, తవ్వినవాడిది పోయింది. పేరుంది, ఏడుంది అన్నారు చూడండి, అవి ఉండాలంటే ముందు కాస్త డబ్బో రాజాశ్రయమో ఉండాలి. సర్మద్‌కి దబిస్తాన్ దొరికింది. కొత్తరెడ్డిపాలేనికి యూలియా ఎగొరోవా, షాహిద్ పర్వేజ్ అనే పరిశోధకులు వచ్చి పుస్తకం వేసేసరికి 2013 అయింది. అదీ ఇంగ్లీషులో, ఆక్స్‌ఫర్డ్ వాళ్లు వేసింది.

మాస్టారు: వాళ్లు మాత్రం ఎఫ్రాయీము గోత్రమే అని తేల్చారా?

ప్లీడరు: ఆ ప్రశ్నకు తీర్పు చెప్పడం వాళ్ల పని కాదు. కులమూ మతమూ ఎక్కడ పెనవేసుకున్నాయో చూశారు. సరే, ఇలా ఎంతసేపు? యూదుల తాల్ముదులో హిల్లేలు బడి, షమ్మాయి బడి అని రెండున్నాయి. మూడేళ్లు వాదించుకున్నారట. చివరికి హిల్లేలు పక్షం నెగ్గింది. కారణమేమిటంటే, తమ మాట కంటే ముందు ఎదుటివాడి మాట చెప్పేవాళ్లట. మనమూ అలా చేద్దాం. నా వాదన మీరు చెప్పండి.

మాస్టారు: (కాసేపు ఆలోచించి) నీ వాదన ఇది. రాతపూర్వక సాక్ష్యం అడగడంలోనే పక్షపాతం ఉంది. రాత ఎవరి చేతిలో ఉందో వాళ్లకే పూర్వీకులు మిగిలారు. కాబట్టి ఇప్పుడు బతుకుతున్న తీరునే సాక్ష్యంగా తీసుకోవాలి. సరిపోయిందా?

ప్లీడరు: నాకంటే బాగా చెప్పారు. మీది నేను చెబుతా. జాలి వేరు, చరిత్ర వేరు. అణగారినవాడు చెప్పాడు కదా అని ఆధారం లేని మాట ఒప్పుకుంటే, రేపు పెత్తందారు చెప్పిన ఆధారం లేని మాటనూ ఒప్పుకోవాలి. అప్పుడు మీ చేతిలో ఆయుధం ఉండదు.

మాస్టారు: అదే! ఇంకొకటి కూడా ఉంది, నువ్వు చెప్పనిది. నాకు అసలు బాధ అక్కడ. గొప్పతనం రక్తంలో ఉంటుందన్నది ఎవరి సిద్ధాంతం? కులం వాళ్లది. మాదిగ పుట్టుక తక్కువని ఊరు అంది. దానికి జవాబుగా, కాదు మా అసలు పుట్టుక గొప్పది అంటే, పుట్టుకే కొలబద్ద అని ఒప్పుకున్నట్టే. యూదు ధర్మానికి ఆ అవసరమే లేదు. రూతు ఎవరు? మోయాబు స్త్రీ. మీ జనమే నా జనమని అత్త వెంట వచ్చింది. దావీదు రాజు ముత్తవ్వ అయింది. పన్నెండో శతాబ్దంలో ఓబద్యా అనే మతం మారినవాడు యూదు పండితుడు మైమోనిడీస్‌కి ఉత్తరం రాశాడు, ప్రార్థనలో మా పితరుల దేవా అని నేననవచ్చా అని. నిస్సందేహంగా అనమన్నాడాయన. ఇటలీలో సాన్ నికాండ్రో అనే పేద ఊరుంది. 1930ల్లో డొనాటో మాన్‌దూజియో బైబిలు చదివి, లోకంలో యూదులంతా అంతరించారనుకుని, తానే యూదుడయ్యాడు, ఊళ్లో కొన్ని కుటుంబాల్నీ యూదుల్ని చేశాడు. ముస్సోలినీ యూదులపై చట్టాలు తెచ్చిన కాలమది! 1946లో లాంఛనంగా చేర్చుకున్నారు, 1949లో చాలామంది ఇజ్రాయెల్ వెళ్లారు. మాన్‌దూజియో ఏ గోత్రమూ చెప్పలేదు. నమ్మాను, చేరాను అన్నాడు. కొత్తరెడ్డిపాలెం వాళ్లు ఆ మాటంటే నేను లేచి నమస్కారం పెడతాను.

(ఈ వాదన నేనెక్కడా వినలేదు. గట్టిదే. ప్లీడరు కూడా వెంటనే జవాబివ్వలేదు.)

ప్లీడరు: మాన్‌దూజియోను ఎవరూ కులం అడగలేదు మాస్టారూ. అక్కడుంది తేడా. 1950లో, నెల రోజుల తేడాతో, రెండు దేశాలు రెండు చట్టాలు చేశాయి. జూలైలో ఇజ్రాయెల్ ప్రత్యాగమన చట్టం తెచ్చింది, యూదుడైతే రావచ్చని. ఆగస్టులో మన షెడ్యూల్డు కులాల ఉత్తర్వు వచ్చింది, హిందువైతేనే ఎస్సీ అని. 1956లో సిక్కుల్ని, 1990లో బౌద్ధుల్ని చేర్చారు. యూదుడి పేరు లేదు. అంటే నేను యూదుణ్ణని గట్టిగా కాగితం మీద రాసుకున్న రోజు, మాదిగగా రావాల్సిన సీటూ ఉద్యోగమూ ప్రశ్నలో పడతాయి. అటు యెరూషలేములో ప్రధాన రబ్బీలు వీళ్లను ఇంకా గుర్తించలేదు. మిజోరం, మణిపూర్‌ల బెనె మెనాషేను 2005లో గుర్తించారు. అదెలా? తప్పిపోయిన గోత్రం సంతతి అనే మాట మీదే. వెళ్లినవాళ్లు లాంఛనంగా మతం మారాల్సి వచ్చినా, తలుపు తెరిచింది గోత్రమే. మరి ఇక్కడివాళ్లు గోత్రం చెప్పకుండా ఏం చెబుతారు? పుట్టుక అడిగేది తలుపు దగ్గర నిలబడ్డవాడు.

మాస్టారు: అంటే చరిత్ర కాదు, వ్యూహం.

ప్లీడరు: రెండిటినీ విడదీయడం మీకు సులువు. కారంచేడులో దళితుల ఊచకోత 1985 జూలైలో. చుండూరులోనూ అదే, 1991 ఆగస్టులో, చేబ్రోలుకు కూతవేటు అనొచ్చు. 1994లో ఈదుమూడిలో మాదిగ దండోరా ఉద్యమం మొదలైంది, పేరు వెనక మాదిగ అని ధైర్యంగా పెట్టుకోవడం వచ్చింది. సరిగ్గా ఈ పదేళ్లలోనే ఈ మందిరమూ లేచింది. మేమెవరం అని అందరూ అడుగుతున్న కాలంలో కొందరు ఈ జవాబు చెప్పారు. అది నిజమా కాదా అని అడిగే ముందు, ఆ ప్రశ్న ఎందుకొచ్చిందో చూడాలి. లాభం కోసం అంటారా, శనివారం లెక్క వేయండి. నాట్ల రోజుల్లో, మిరపకాయ కోతల్లో ముఠా మేస్త్రి వారమంతా వచ్చేవాళ్లనే పిలుస్తాడు. శనివారం రానంటే ఒక రోజు కూలి పోవడం కాదు, ఒక్కోసారి ముఠాలో చోటే పోతుంది. మైమోనిడీస్ సంగతి ఎత్తారు కాబట్టి గుర్తు చేస్తా. సొంత తమ్ముడు హిందూ మహాసముద్రంలో వ్యాపారానికి వెళ్లి మునిగిపోయాడు, అందుకేనేమో ఇటువైపు వార్తలు పట్టించుకునేవాడు. ఫ్రాన్సులోని లూనెల్ యూదు పండితులకు రాసిన ఉత్తరంలో, హిందూదేశపు యూదులకు తోరా తెలియదు, శనివారమూ సున్నతీ తప్ప వాళ్ల దగ్గరేమీ లేదన్నాడు. యూదులు కాదని మాత్రం అనలేదు. అంత కొంచెం ఉన్నా యూదులే అనుకున్నాడు.

మాస్టారు: అది పుట్టుకతో వచ్చినవాళ్ల గురించి.

ప్లీడరు: వాళ్ల పుట్టుకను ఆయన చూసొచ్చాడా? బెనె ఇజ్రాయెల్ వాళ్లకు శనివార్ తేలీ అని పేరుంది, సాక్ష్యముంది అన్నారు కదా. ఇజ్రాయెల్ వెళ్లాక ఏమైంది? 1960ల మొదట్లో పెళ్లి చేయాలంటే తాతముత్తాతల లెక్క తెమ్మన్నారు రబ్బీలు. వీధుల్లో ఆందోళనలు చేస్తే గానీ, 1964లో ప్రధాని లెవీ ఎష్కోల్ వాళ్లు అన్ని విధాలా యూదులేనని పార్లమెంటులో చెప్పలేదు. సాక్ష్యం ఉన్నవాడికే అది గతి.

మాస్టారు: సరే. నా మాట ఇది, రాసుకో. కొత్తరెడ్డిపాలెంలో యూదులున్నారు అని రాస్తాను. ఎఫ్రాయీము వంశీకులు అని నా మాటగా రాయను. వాళ్లలా నమ్ముతారు అని రాస్తాను.

ప్లీడరు: కాకతీయులకు ఇచ్చినంత ఇచ్చారు. నాకు చాలదు, కానీ తీసుకుంటాను.

వాదన అక్కడ ఆగింది. నా తీర్పు అడిగితే, రక్తం విషయంలో మాస్టారు నెగ్గారు. ఎవర్ని ఏమని పిలవాలన్న విషయంలో ప్లీడరు నెగ్గాడు. రెండోదే నాకు ముఖ్యం. మహారాష్ట్ర 2016లో, గుజరాత్ 2018లో తమ రాష్ట్రాల యూదులకు మైనారిటీ హోదా ఇచ్చాయి. తెలుగు యూదులు ఉన్నారన్న సంగతి కూడా మన రాష్ట్రంలో చాలామందికి తెలియదు.

నాగార్జున విశ్వవిద్యాలయం నుంచి చేబ్రోలు ఎంతో దూరం లేదు. చరిత్ర చదివే పిల్లలకు ఒక మనవి. కొత్తరెడ్డిపాలెంలో, మచిలీపట్నంలో పెద్దవాళ్లు ఉండగానే వెళ్లి, వాళ్ల ఇళ్లల్లో ఏం చెప్పుకునేవారో వాళ్ల తెలుగులోనే రికార్డు చేయండి. కరణం రాయనిది మీరు రాయండి. నమ్మాలో వద్దో తర్వాత తేల్చుకోవచ్చు. వెళ్లేటప్పుడు మాత్రం శనివారం వెళ్లకండి.